మన్రోవియా కొండమీద మధ్యాహ్నం డ్యూటీ

విమానం తలుపు తెరిచేసరికి ఉదయం ఆరు నలభై. బయట వాన. మన బస్తర్ వాన వస్తుంది, దంచుతుంది, పోతుంది. అక్కడిది అలా కాదు. తడిగుడ్డ ఆరేసినట్టు ఆకాశం నుంచి వేలాడుతూనే ఉంటుంది. రన్‌వే మీద వరసలో నిలబడి హాజరు చెప్పాం. మనిషికి రెండు కిట్ బ్యాగులు, ఒక నీలి హెల్మెట్, ఒక బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, ఒక రైఫిల్, సోమవారం సోమవారం మింగాల్సిన మలేరియా మాత్రలు. దళమంతా ఆడవాళ్ళమే. లైబీరియాలో ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం ఆగింది. మళ్ళీ రాజుకోకుండా చూడటానికి వెళ్ళిన శాంతి సేనలో ఏడాది పని మాది.

నాది భోపాలపట్నం. నాన్నకు బజారులో కిరాణా కొట్టు. మా ఇంట్లో యూనిఫాం వేసుకున్నదాన్ని నేనొక్కదాన్నే. "ఆఫ్రికాల చూసేదేముంటది బిడ్డా, గీడ లేని అడివా?" అంది అమ్మ బస్సెక్కేటప్పుడు. ఆవిడ తప్పు లేదు. నేనూ అడవే ఊహించుకున్నాను. నేను చూసింది సముద్రం ఒడ్డున ఓ పాత రేవు పట్నం, మన్రోవియా.

వారం తిరిగేసరికి నాకు కొండమీది పోస్టు పడింది. పట్నం పడమటి కొసన కొండ, దాని నెత్తిన ఎనిమిది అంతస్తుల హోటల్. ఒకప్పుడు ఆ తీరం మొత్తానికి అంత గొప్ప హోటల్ లేదట. యుద్ధం మొదలయ్యాక అతిథులు వెళ్ళిపోయారు. తర్వాత మంచాలు, అద్దాలు, తలుపులు, గోడల్లో తీగలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఇళ్ళు కాలిపోయినవాళ్ళు వచ్చి గదుల్లో కాపురం పెట్టారు. యుద్ధం ఆగాక వాళ్ళనూ ఖాళీ చేయించారు. చివరికి సిమెంటు మిగిలింది. ఈతకొలనులో వాననీళ్ళు, కప్పలు. మేడమీద మా వైర్‌లెస్ స్తంభం. దాని కాపలా మా పని. నలుగురం. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. మెట్లు నూట డెబ్బై ఆరు.

మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది మా బస్తర్‌లోనే, చింతలనార్ దాటి అడవి లోపలికి ఉన్న ఊరు. దొర్ల తెగ అమ్మాయి. సెట్టులో ఇంగ్లీషు, కమాండర్‌తో హిందీ, నాతో తెలుగు, ఒంటరిగా ఉన్నప్పుడు తన ఇంటి భాష దొర్లి. ఆమెకో అలవాటు ఉండేది. గస్తీలో ఏ ఖాళీ గదిలో అడుగుపెట్టాలన్నా గుమ్మం బయట ఆగి, "ఎవరన్న ఉన్నరా?" అని గట్టిగా అడిగేది. జవాబు కోసం కాసేపు నిలబడేది. ఆ తర్వాతే లోపలికి. ఆ హోటల్లో ఎన్ని గదులుంటే అన్నిసార్లు.

"లేరని తెలుసుగా, ఎందుకు?" అన్నాను ఒకసారి.

"అడిగితే పోయేదేందక్కా" అంది. అంతే.

ఆ హోటల్‌కి రోజూ వచ్చే మనిషి ఇంకొకాయన ఉన్నాడు. పూర్వం అక్కడ లిఫ్ట్ నడిపినవాడు. డెబ్బై దాటి ఉంటాయి. వెలిసిన మెరూన్ కోటు, దానికి రెండే ఇత్తడి గుండీలు. ఎవరైనా చూడటానికి వస్తే వెంట ఉండి చూపించేవాడు. ఎవరూ రాకపోయినా వచ్చేవాడు. లిఫ్ట్ పోయి చాలా కాలమైంది. నేల నుంచి మేడ దాకా చీకటి గొట్టం లాంటి ఖాళీ మిగిలింది. ఆయన మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆ ఖాళీ ముందు నిలబడి, రాగం తీసినట్టు, "థర్డ్ ఫ్లోర్", "ఫోర్త్ ఫ్లోర్" అని ప్రకటించి పైకి వచ్చేవాడు. మాటల చివరలు మింగేసే ఇంగ్లీషు వాళ్ళది. మొదటి నెల నాకు సగమే అర్థమయ్యేది.

మేడమీద నిలబడి పట్నాన్ని నాకు చూపించింది ఆయనే.

"అదిగో నది సముద్రంలో కలిసేచోట చిన్న లంక. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు ఓడ దిగింది అక్కడే. అప్పటి అమెరికా అధ్యక్షుడి పేరే ఊరికి పెట్టారు. అంతకు ముందు ఈ కొండకు వేరే పేరుండేది. పోర్చుగీసు ఓడలు అప్పటికే మిరియాల లాంటి గింజల కోసం ఈ తీరానికి వచ్చిపోతుండేవి. మా అమ్మ తాతలు ఆ ఓడలో వచ్చారు. మా నాన్న తాతలు ఒడ్డున నిలబడి చూశారు. వచ్చినవాళ్ళు స్తంభాల మేడలు కట్టుకుని, చూసినవాళ్ళను ఏలారు. ఆ లెక్కే చివరికి యుద్ధమైంది."

ఒక సెలవురోజు ఆ లంకకు వెళ్ళాం. మా ఊరి వైపు భద్రకాళి అనే పల్లె దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది, నీళ్ళ రంగు అలాగే ఉంది. లంకలో పెద్ద బూరుగు చెట్టు. ఆపరేటర్ దాని మొదలు మీద చెయ్యి వేసి, "మన చెట్టేనక్కా, గింత దూరం ఎట్లొచ్చింది?" అంది. వంతెన దిగితే వాటర్‌సైడ్ బజారు. ఎండుచేపలు, ఎర్ర పామాయిలు, పాత బట్టలు, గొడుగులు. కొండ కొసన వెలగని దీపస్తంభం. రేవులో, యుద్ధంలో మునిగిన ఓడల మూతులు నీళ్ళ పైకి తేలి ఉండేవి. తుప్పు ఎర్రగా కారేది. వాటి పక్క నుంచే కొత్త ఓడలు జాగ్రత్తగా తప్పుకుంటూ లోపలికి వచ్చేవి. అన్నిటికంటే ఆ బజారు నాకు నచ్చింది. అంత గోల మధ్యలో భయం వేయదు.

కొండ మీద మాత్రం వేసేది. ఎందుకని అడిగితే చెప్పలేను. మేఘం దిగి గదుల్లోంచి నడిచి వెళ్ళేది. ఒక కిటికీలో దూరి ఇంకో కిటికీలోంచి బయటపడేది. అప్పుడు పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి కూడా కనిపించేది కాదు.

జూలైలో ఒకరోజు. ఉదయం ఏడూ పదికి లిఫ్ట్ ఆయన కింద గేటు రిజిస్టర్‌లో సంతకం పెట్టి లోపలికి వచ్చాడు. ఆ రోజు మేడమీదికి రాలేదు. మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాం. పదకొండుకి గాలి మొదలైంది. ఒంటి గంటకి బేస్ నుంచి పిలుపు.

"హిల్ పోస్ట్, తుఫాను వస్తోంది. సెట్లు కట్టేసి ఒకటిన్నరకి ట్రక్కెక్కండి. ఓవర్."

కట్టేశాం. సెక్షన్ కమాండర్, నాలుగో అమ్మాయి సామానుతో ముందు దిగారు. ఒంటి గంట ఇరవైకి నేను స్తంభం తాడు బిగిస్తున్నాను. లిఫ్ట్ గొట్టంలోంచి గొంతు వినిపించింది.

"ఎయిత్ ఫ్లోర్."

ఆపరేటర్ నా వైపు చూసింది. "అక్కా, ఇనబడ్డదా?"

వినబడింది. మరుక్షణం కొంచెం కిందనుంచి, అదే రాగం: "సెవెన్త్ ఫ్లోర్."

ఆపరేటర్ చేతి సెట్టు నొక్కింది. కింద గేటు దగ్గరున్న కమాండర్‌తో హిందీలో చెప్పింది, లోపల మనిషి ఉన్నాడని.

"హవా హై, ఔర్ కుఛ్ నహీ" అంది కమాండర్. గాలి తప్ప ఇంకేమీ లేదని. "దిగండి. ఆర్డర్."

"మేడమ్, రిజిస్టర్‌లో ఆయన బయటికి పోయినట్టు ఉందా?" అడిగింది ఆపరేటర్.

సెట్టులో వాన చప్పుడు. పేజీ తిప్పుతున్నట్టుంది. "లేదు. మరచిపోయి ఉంటాడు. దిగండి."

ఆపరేటర్ సెట్టు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"మా ఊరు ఖాళీ చేసిన్నాడు గూడ గిట్లనే అన్నరక్కా. ఎవరు లేరు, అంత వచ్చిండ్రు, నడువుండ్రి అని. నాకు ఎనిమిదేండ్లు. మా ముసలవ్వ నడవలేకుండె. మా నాయన మా పెద్దనాయన తెస్తడనుకున్నడు. పెద్దనాయన మా నాయన తెస్తడనుకున్నడు. చీకట్ల పదిమైళ్ళు నడిచినంక జూస్తే అవ్వ లేదు. ఒక్కరన్న ఇంటి ముంగట నిలబడి పిలిస్తే పలుకుతుండె గదా! నేను పిల్వకుండ దిగ."

బస్తర్‌లో నక్సలైట్ల పోరు నడిచిన ఆ రోజుల్లో అడవి ఊళ్ళ నుంచి మూటలతో నడిచొచ్చినవాళ్ళను మా కొట్టు ముందే చూశాను. ఉప్పు, అగ్గిపెట్టెలు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళ వెనక ఎవరు మిగిలారని మాకు తోచలేదు. నేను సెట్టు తీసుకున్నాను.

"మేడమ్, అంతస్తు అంతస్తూ పిలుస్తూ దిగుతాం."

"దస్ మినట్" అంది కమాండర్, పది నిమిషాలేనని.

దిగాం. టార్చి నా చేతిలో, తాడు ఆమె భుజాన. ప్రతి అంతస్తులో ఆమె లిఫ్ట్ ఖాళీ ముందు నిలబడి "ఎవరన్న ఉన్నరా?" అని పిలిచింది. మేము ఏడులో ఉంటే గొంతు ఆరులో. మేము ఆరుకి చేరితే "ఫిఫ్త్ ఫ్లోర్". తొందరపడటం లేదు, ఆలస్యం చేయడం లేదు. మేము ఆగితే అదీ ఆగింది. రైఫిల్ పట్టుకున్న చెయ్యి నాది కాదేమో అనిపించింది. నాలుగు, మూడు, రెండు, ఒకటి. కింది హాలుకి వచ్చాం. గొంతు లేదు. గొట్టంలో నీళ్ళు పడుతున్న చప్పుడే మిగిలింది.

తలుపు లేని లిఫ్ట్ గుమ్మంలోంచి టార్చి కిందికి కొట్టాను. రెండు నిలువుల గొయ్యి. మేడమీది నీళ్ళన్నీ అందులోకే దూకుతున్నాయి. మూలకి గోడకు అతుక్కుని మెరూన్ కోటు. నీళ్ళు గడ్డం దాకా. ఒక చేత్తో పాత ఇనుప తాడు పట్టుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి. రెప్ప వేయలేదు. పోయాడనుకున్నాను.

ఆపరేటర్ పిలిచింది. ఆయన తల కదిలింది.

కమాండర్ పరుగెత్తుకొచ్చింది. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, బురదనీళ్ళలో బోర్లా పడుకుని, తాడు నడుముకి చుట్టుకుంది. ఆపరేటర్ గోతిలోకి దిగి ఆయన చంకల కింద తాడు కట్టింది. నలుగురం లాగాం. పైకి వచ్చేసరికి ఒకటి యాభై. కుడికాలు తొడ దగ్గర విరిగి వేలాడుతోంది. చేతి వేళ్ళు ఇంకా ఇనుప తాడు పట్టుకున్నట్టే బిగుసుకుపోయి ఉన్నాయి.

"మీ గొంతు విని వచ్చాం" అన్నాను.

ఆయనకు మాట రావటం లేదు. చెవి ఆయన నోటి దగ్గర పెడితే గాలిలా వినిపించింది.

"నేను పిలవలేదు. ఉదయం కాలు జారి పడగానే అరిచాను, గంటలో గొంతు పోయింది. ఇందాక పైనుంచి అంతస్తులు చెబుతూ లిఫ్ట్ దిగింది. మీద పడుతుందని మూలకి జరిగాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇవాళ ఎవరు నడుపుతున్నారు?"

కమాండర్ ఇంగ్లీషు అర్థం కానట్టు మొహం పెట్టింది. ఆమెకు ఇంగ్లీషు మా అందరికంటే బాగా వచ్చు.

పదిరోజుల తర్వాత ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళాం. కాలికి కట్టు, దాన్ని లాగి పట్టడానికి వేలాడదీసిన ఇసుక సంచి. గొంతు తిరిగి వచ్చింది. మామిడిపండ్లు పట్టుకెళ్ళాం. ఒకటి కోసి ఇస్తూ, ఆ హోటల్లో లిఫ్ట్ మీరొక్కరే నడిపేవారా అని అడిగాను, మామూలుగా అడిగినట్టే.

"ఇద్దరం. ఉదయం ఆరు నుంచి ఒంటి గంట దాకా నేను. ఒంటి గంట నుంచి అతను. యుద్ధం పట్నంలోకి వచ్చిన రోజు నేను డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళాను. అతను ఎక్కాడు. తర్వాత ఎవరూ చూడలేదు." పండు నమిలి మింగాడు. "నాకంటే గొంతు బాగుండేది."

బయట వరండాలో ఆపరేటర్ బూటు తాడు కట్టుకుంటూ కూర్చుంది. "మధ్యాహ్నం డ్యూటీ ఆయనది గదక్కా" అంది. ఆమెలో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోస్టు డైరీలో కమాండర్ స్వయంగా రాసింది: పదమూడు గంటల ఇరవై, మనిషి గొంతు, ఎవరిదో తేలలేదు. ఆర్డర్ ఆలస్యమైనందుకు పై అధికారికి సంజాయిషీ ఆమే ఇచ్చుకుంది. మా పేర్లు రాయలేదు.

ఏడాది పూర్తయింది. ఢిల్లీ, రాయపూర్, జగదల్‌పూర్, గీదం, బీజాపూర్. బస్సులో భోపాలపట్నం దిగేసరికి మధ్యాహ్నం మూడు. ఆపరేటర్ సెలవు పెట్టి చింతలనార్ వైపు వెళ్ళింది. నెల తర్వాత ఫోను: "మా ఊర్ల నాలుగిండ్లు లేచినయక్కా. నేను గూడ మా ఇంటికి గుంజలు పాతిపిచ్చిన." నేను ఇంకొన్నేళ్ళు చేసి ఉద్యోగం వదిలాను. ఇప్పుడు నాన్న కొట్లో కూర్చుంటున్నాను.

తర్లగూడ నుంచి సరుకుకి వచ్చేవాళ్ళు అడుగుతుంటారు. "ఆఫ్రికాల ఏం జూసినవ్ చెల్లే? సింహమా?" లంక గురించి, బూరుగు గురించి, మునిగిన ఓడల గురించి చెబుతాను. హోటల్ కథ అడిగినవాళ్ళకు అదీ చెబుతాను. చాలామంది నవ్వుతారు. కొందరు నవ్వరు.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది కథ కాదు. తిరుగు ప్రయాణం రోజు ఉదయం మా ట్రక్కు వంతెన మీద ఆగిపోయింది. కింద ఇసుక దిబ్బ మీద రేకుల ఇళ్ళ పేట. ముందురోజు రాత్రి సముద్రం వెనక వరస ఇళ్ళను తీసుకుపోయింది. మిగిలిన ఇళ్ళలో చివరిదానికి మూడే గోడలు. నాలుగో గోడ ఉండాల్సినచోట సముద్రం. లోపల మంచం, మేకుకి వేలాడుతున్న పసుపు గౌను. ఒకావిడ వంగి నేల ఊడుస్తోంది. అల లోపలికి వచ్చింది. ఆవిడ మంచమెక్కి నిలబడింది. అల ఇసుక వదిలి వెనక్కి పోయింది. ఆవిడ దిగి, మూలలతో సహా మళ్ళీ ఊడ్చి, ఆ ఇసుకను సముద్రంలోకే తోసింది. మా ట్రక్కు కదిలేదాకా పన్నెండు అలలు లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా ఆవిడ తలెత్తి సముద్రం వైపు చూడలేదు.