రిట్రీట్‌కి వెళ్ళొచ్చాను

మా ఇళ్ళల్లో ‘రిట్రీట్’ అనే మాటకి ఒకటే అర్థం. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు బట్టలూ బైబిళ్ళూ సర్దుకుని ఎక్కడికో వెళ్ళి, ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకుని వస్తే అది రిట్రీట్. ఇంకో రకం కూడా ఉంటుందని నాకు మా స్కూల్లో లెక్కల మేడమ్ చెప్పేదాకా తెలియదు.

నేను తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి పాఠాలు చెప్పుకునే టీచర్ని. పోయినేడు నాకు నిద్ర పట్టడం మానేసింది. మాత్రలు మింగినా అంతే. క్లాసులో పిల్లల మీదా, ఇంట్లో మా ఆయన మీదా ఇంతెత్తున లేస్తున్నాను. అది చూసి లెక్కల మేడమ్, “వేసవి సెలవల్లో ఉత్తరాఖండ్ కొండల మీదికి వెల్‌నెస్ రిట్రీట్‌కి వెళ్తున్నానండి. పొద్దున యోగా చేయిస్తారు, సాయంత్రం గిన్నెలు మోగించి మనసు కుదుటపరుస్తారు. మీరూ రండి” అన్నారు. గిన్నెలు మోగిస్తే నిద్రేంటి, నా మొహం! మా ఇంట్లో గిన్నె చప్పుడైతే ఉన్న నిద్ర కూడా ఎగిరిపోతుంది. అయినా సరేనన్నాను. నిద్ర పట్టడానికి ఎవరేం చెప్పినా చేసేలా ఉన్నాను అప్పుడు.

రేపల్లెలో ఉండే మా అక్కకి ఫోన్ చేసి, “కొండల మీద రిట్రీట్‌కి వెళ్తున్నానక్కా” అన్నాను. అవతల నుంచి ఒకటే ఏడుపు. “దేవుడు నా మొర విన్నాడే!” అంది.

అక్క వాళ్ళ చర్చి క్వైరులో ముందు పాడేది ఆవిడే. కీర్తన ఎత్తుకుందంటే హార్మోనియం ఆయన ఆవిడ శ్రుతికి సర్దుకోవాల్సిందే. అలాంటి మనిషికి గొంతు దగ్గర గడ్డ లేచింది. గుంటూరులో డాక్టరు పరీక్షలు చేయించి, ఆపరేషన్ చేసి తీసేయాలి, ఆలస్యం చేయొద్దు అన్నాడు. గొంతు మారిపోయే ప్రమాదం కొంత ఉందని కూడా చెప్పాడు. ఆ చివరి మాట పట్టుకుని అక్క భీష్మించుకు కూర్చుంది. “దేవుడు చెప్తే చేయించుకుంటా, లేకపోతే లేదు.” బావ బతిమాలాడు. పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి మరీ చెప్పారు. వినలేదు.

నేను వెళ్ళేది యోగాకి అక్కా అని అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే “అక్కడ ఓం అనమంటారుగా, మన ఇంటా వంటా ఉందా?” అని గోల పెడుతుంది, చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. ఆ రభస పడలేక ఊరుకున్నాను. తీరా నేను బయల్దేరే రోజున సున్నుండలు పట్టుకుని తెనాలి స్టేషన్‌కి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, “నా ఆపరేషన్ సంగతి ఆయన్ని అడుగు. ఏం చెప్తే అదే చేస్తా” అంది. నేను బుద్ధిగా తలూపాను.

కొండ మీద చలి, చప్పిడి తిండి, వంగనంటే వంగనని మొరాయించే నా మోకాళ్ళు. మొదటి సాయంత్రం మమ్మల్ని చాపల మీద పడుకోబెట్టి, తల చుట్టూ కంచు గిన్నెలు పెట్టి, ఒకటి తెచ్చి నా గుండెల మీద పెట్టింది అక్కడి అమ్మాయి. కర్రతో మెల్లగా కొడితే ఆ మోత ఒంట్లోకి దిగి గొంతుదాకా వణికింది. “మీకు కావలసినవాళ్ళని తలుచుకోండి, ఈ శబ్దం వాళ్ళకి చేరాలనుకోండి” అంది ఆ అమ్మాయి. అక్కని తలుచుకుందామనే అనుకున్నాను, ఒట్టు. కళ్ళు తెరిచేసరికి హాలంతా ఖాళీ. లెక్కల మేడమ్ ఒక్కరే కూర్చుని నవ్వుతున్నారు. “గిన్నెల కంటే మీ గురకే గట్టిగా ఉందండి.”

ఆ వారమంతా తిన్నాను, పడుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పాలంటే సిగ్గేస్తోంది. అక్క గుర్తుకు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా రేపు ప్రార్థన చేద్దాంలే అనుకుని అటు తిరిగి పడుకున్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా మోకరించలేదు.

తిరిగొచ్చి రేపల్లె వెళ్ళేసరికి అక్క రొయ్యలు ఒలుస్తోంది. గడ్డ కనపడకుండా పైట మెడచుట్టూ కప్పుకుంది. “జవాబొచ్చిందా?” అంది, నీళ్ళయినా ఇవ్వకుండా. నిజం చెప్తే ఈ మనిషి ఆసుపత్రి గడప తొక్కదు.

“వచ్చిందక్కా. చేయించుకోమన్నాడు” అన్నాను.

“హమ్మయ్య” అంటూ రొయ్యల చేతులతోనే నన్ను కావలించుకుంది. కొంచెమైనా అనుమానించలేదు. మర్నాడే బావని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళింది. థియేటర్లోకి నవ్వుతూ వెళ్ళిందట.

గడ్డ మంచిది కాదనీ, ఇంకొన్నాళ్ళు ఆగుంటే చేయి దాటిపోయేదనీ డాక్టరు చెప్పాడు. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం పోయింది. మాట్లాడితే గాలి వస్తోంది అంతే. నరం దెబ్బతింది, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నారు.

మొన్న ఆదివారం రేపల్లె చర్చికి వెళ్ళాను. అక్క ఇప్పటికీ క్వైరు బెంచీ మీదే కూర్చుంటోంది. అందరితోపాటు పెదవులు కదుపుతోంది. దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. మైకు పెట్టినా అందరూ చెవులు రిక్కించాల్సి వచ్చింది. “నా గొంతు అడిగాడు, ఇచ్చాను. నాకేం బాధ లేదు. ఎందుకంటే మా చెల్లితో ఆయనే స్వయంగా చెప్పాడు.” చర్చంతా నావైపు తిరిగింది. ఒక పెద్దావిడ నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. భూమిలోకి కుంగిపోయాను.

అబద్ధమాడి ప్రాణం కాపాడానుగా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది నిజమే. కానీ ఆవిడ నా మాట నమ్మి గొంతు ఇచ్చేసింది, ఆ మాట దేవుడిదనుకుని ఓదార్పు పొందుతోంది. ఇప్పుడు నిజం చెప్తే ఆ ఓదార్పూ లాగేసుకున్నదాన్నవుతాను. ఇంత చేసీ, సిగ్గులేకుండా, నాకు నిద్ర బాగానే పడుతోంది.

ఆరాధన అయ్యాక అక్క నన్ను గేటు పక్కకి లాక్కెళ్ళింది. మాట వినపడదని నా చెవి దగ్గరికి వచ్చింది.

“ఈ వేసవికి కూడా వెళ్తావా ఆ రిట్రీట్‌కి?”

“ఏమో అక్కా.”

“వెళ్ళవే. ఈసారి ఇంకొక్కటి అడుగు. మళ్ళీ పాడతానో లేదో అడుగు. లేదన్నా పర్లేదు, దాచకుండా నాకు చెప్పు.”

“అడుగుతానక్కా” అన్నాను.