పక్కకు తీసిన గాలి కోసం సముద్రం దాకా

ఇది ఇప్పుడే రాయాలి. విమాన ఇంజన్ల గురించి మా పాలిటెక్నిక్ పిల్లల కోసం నేను తెలుగులో రాసిన చిన్న పుస్తకం ఈ నెల ఇరవై ఆరున అచ్చుకు వెళ్తుంది. అందులో ఒక్క మాట ఇంకా తేలలేదు. జెట్ ఇంజన్‌లో కంప్రెసర్ గాలిని బాగా నొక్కి, ఇంధనం మండే చోటికి తోస్తుంది. అక్కడికి చేరకముందే కొంత గాలిని పక్కకు తీస్తారు. దాన్ని వేడిగానే పంపి రెక్కల మీద మంచు పట్టకుండా చూస్తారు, చల్లబరిచి ప్రయాణికులు పీల్చడానికి ఇస్తారు. ఇంగ్లీషులో దాని పేరు బ్లీడ్ ఎయిర్. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. చదువుకునే రోజుల్లో నిఘంటువు చూసి అది కారిపోయే గాలి అనుకున్నాను. దాన్ని ఎలా ఆపాలో పరీక్షలో పేజీ నిండా రాసి సున్నా తెచ్చుకున్నాను. అయినా ఇంకో మాట దొరక్క నా చిత్తుప్రతిలోనూ ‘కారుడు గాలి’ అనే పెట్టాను. అదే అచ్చయితే పిల్లలు లేని లీకు కోసం వెతుకుతారు.

ఆ పేజీ చూసిన ఒక విద్యార్థిని, అక్కడా గాలిని ఇలాగే పక్కకు తీస్తారంటూ, వాళ్లమ్మ పనిచేసే హేచరీకి, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించి పెంచే చోటికి, రమ్మంది. శనివారం ఉదయం ఏడింటికి నెల్లూరులో పల్లెవెలుగు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. దాదాపు గంటకు తోటపల్లి గూడూరు చేరాను. అక్కడి నుంచి సముద్రం వైపు షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. డ్రైవర్ అద్దంలో చూసి నవ్వాడు. “రొయ్యల కంపు కోసం నెల్లూరు నుంచి వచ్చినోళ్లని మిమ్మల్నే చూసినా మేడమ్.” రోడ్డుకు రెండు వైపులా చెరువులు పలచని మంచులో తేలుతున్నట్టున్నాయి. నీరెక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

గుమ్మం దగ్గర మందు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాను. షెడ్డులో వెలుతురు పచ్చగా, మెత్తగా ఉంది. ఒక మూల గాలి ఊదే బ్లోయర్ మోగుతుంటే గోడ వెంట లావు పైపు సాగింది. దాని నుంచి సన్నటి గొట్టాలు తొట్లలోకి దిగాయి. ప్రతి తొట్టిలోనూ బుడగలు లేస్తున్నాయి. నా విద్యార్థిని తల్లి మరియమ్మ కొత్త తొట్టి దగ్గర గాలి గొట్టం ట్యాప్ మీద చెయ్యి వేసింది కానీ తిప్పలేదు. “శీనన్నా, తీస్తున్నా” అని అరిచింది. చివరి తొట్టి దగ్గరున్న మెకానిక్ శీనయ్య నీళ్లలోకి వంగి చూసి “తియ్” అన్నాడు. అప్పుడు తిప్పింది. ఆ చివర బుడగలు కాస్త చిన్నవయ్యాయి.

“అడక్కుండా తీస్తే?” అన్నాను.

“ఇంకేముంది, చివరి తొట్లో గాలి చాలక పిల్లలు చచ్చి తేలిపోతాయి. ఈ యక్క ఒకసారి చేసింది, అడగండి” అన్నాడు శీనయ్య.

“ఒక్కసారేలే. నువ్వు నిద్రపోయిన దినాలు చెప్పమంటావా?” అంది మరియమ్మ. తర్వాత నన్ను అడిగింది. “మీ విమానంలో కూడా ఇట్టనే అడగతారా టీచరమ్మా?”

ఇంజన్‌లో కంప్యూటర్ ఉంటుందనీ, ఎంత గాలి తీశారో దానికి తెలిస్తేనే ఇంధనం సరిగ్గా ఇస్తుందనీ చెప్పాను. చెబుతూ ఉండగానే నా తప్పు నాకు అర్థమైంది. కారిపోయేది ఎవరికీ చెప్పి కారదు. తీసేవాళ్లు చెప్పి తీస్తారు.

మధ్యాహ్నం మరియమ్మ క్యారియర్‌లోని చేపల పులుసు పంచుకుని, సముద్రం ఒడ్డున ఇసుకలో చాలాసేపు కూర్చున్నాను. నీళ్ల మీద ఎంతో ఎత్తున ఒక విమానం తెల్లటి గీత గీస్తూ పోయింది. అందులో నిద్రపోతున్నవాళ్లు పీల్చేది బహుశా అలా తీసిన గాలే. దాని పేరు వాళ్లకు అక్కర్లేదు. రేపు ఆ ఇంజన్ విప్పే మా పిల్లలకు కావాలి.

మీరూ వెళ్లాలనుకుంటే హేచరీకి రెండు రోజుల ముందే ఫోన్ చేసి అనుమతి తీసుకోండి. బయటివాళ్లను ఊరికే రానివ్వరు.

‘కారుడు గాలి’ కొట్టేశాను. దాని మీద ‘తీసిన గాలి’ అని పెన్సిల్‌తో రాశాను. ఇంజన్ల దగ్గర పనిచేసేవాళ్లు, తెలుగులో చదువుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఆ మాట చాలునో చాలదో ఇరవై ఐదో తేదీలోగా కింద రాయండి. మీరు ‘తియ్’ అంటే పెన్ను తీస్తాను.