ముప్పై రోజుల రూలు

ఆ పెద్దాసుపత్రి కంప్యూటరు విభాగంలో అతన్ని అందరూ గోదాముగారు అనేవారు. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద యంత్రంలో ఏ ఫైలు డిస్కు మీద ఉండాలి, ఏది టేపుకి పోవాలి, ఏది ఎన్నాళ్లకి చెరిగిపోవాలి అని రూల్సు రాయడం అతని పని. ఒకసారి రాసిపెడితే ఇక మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు, యంత్రమే చూసుకుంటుంది. ఇరవై ఏళ్లలో ఒక్క ఫైలూ పోనివ్వలేదని అతనికి కాస్త టెక్కు కూడా ఉండేది. ఉంటే ఉండనీ, పని వచ్చినవాడే.

ఏ రోగికి ఏ మందు పడదో ఇంటింటికీ ఫోను చేసి కనుక్కునే పని ఒకావిడది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నాలుగు నెలలు గొంతు అరిగేలా మాట్లాడి జాబితా తయారుచేసింది. ఎక్కడ దాచమంటారని అడిగితే అతను తలైనా ఎత్తకుండా, "ప్రస్తుతానికి టెస్టు ఫైళ్లలో పెట్టేయమ్మా, తర్వాత నేనే మారుస్తాలే" అన్నాడు. అని, మర్చిపోయాడు. టెస్టు ఫైళ్లకి, అంటే పరీక్షకి వాడి పారేసేవాటికి, అతను రాసిన రూలేమిటంటే, ముప్పై రోజులు ఎవరూ తెరవకపోతే చెరిపెయ్యాలి, నకలు అక్కర్లేదు.

తల్లికి ఆపరేషనని ఆవిడ సెలవు పెట్టింది. ముప్పై నాలుగో రోజున తిరిగొచ్చి చూస్తే జాబితా లేదు.

మీటింగులో ఆఫీసరు, "ఎవరు చెరిపారు?" అని గద్దించాడు.

"ఎవరూ చెరపలేదు సార్, రూలు ప్రకారం పోయింది. పనికొచ్చే ఫైలు టెస్టులో పెట్టకూడదు కదా" అన్నాడు గోదాముగారు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, చూడండి. నిజాన్ని సగానికి విరిచి తనకి పనికొచ్చే ముక్క చూపించాడంతే. మిగతా ముక్క కూడా చెప్తాడేమోనని ఆవిడ అతని మొహంలోకి చూసింది. అతను కాగితాలు సర్దుకున్నాడు. "ఇంత నిర్లక్ష్యమైతే పర్మనెంటు సంగతి ఆలోచించాల్సిందే" అంటూ ఆఫీసరు లేచాడు.

ఆ వారమంతా పక్క బల్ల దగ్గర ఆవిడ ఫోనులో, "అమ్మా, మళ్లీ నేనే. ఆ మందు పేరు ఇంకోసారి చెప్తారా?" అంటూంటే తలెత్తలేకపోయేవాడు. ఇంట్లో, సంగతి విన్న భార్య మామూలుగానే, "ఇంతకీ ఆవిడ అక్కడెందుకు పెట్టిందట?" అని అడిగింది. కట్టుకున్నదాని ముందు కూడా సిగ్గుతో చచ్చిపోయి, కంచం దగ్గర్నుంచి లేచిపోయాడు.

మర్నాడు అందరి ముందూ చెప్పాడు. "అక్కడ పెట్టమన్నది నేనే సార్. మారుస్తానని మర్చిపోయిందీ నేనే. మొన్న నోరు మూసుకున్నదీ నేనే." ఆఫీసరు అతనికి మెమో ఇచ్చాడు. ఆవిడ ఉద్యోగం నిలిచింది. ఇక అయిపోయిందనుకున్నాడు వెర్రిబాగులవాడు.

జాబితా మళ్లీ పూర్తయ్యాక ఆవిడ వచ్చి నిలబడింది. "దీన్ని ఎక్కడ పెట్టమంటారండీ?"

అతను ఆత్రంగా లేచాడు. "నువ్వేం పెట్టక్కర్లేదమ్మా, నేనే ఇప్పుడే..."

ఆవిడ ఓ తెల్లకాగితం, పెన్నూ అతని ముందుంచింది. "ఆ మాటే రాసి, సంతకం పెట్టి ఇవ్వండి."

అతను కూర్చుని రాశాడు. తేదీ వెయ్యడం మర్చిపోతే, ఆవిడ ఎక్కడ వెయ్యాలో వేలితో చూపించింది.