బాపు వేసిన సీసపు గొట్టాలు

నిజామాబాద్‌లో నేను పనిచేసిన ఆడపిల్లల బడి హాస్టల్‌కు నీళ్ల గొట్టాలు వేసింది మా బాపే. మేం నాన్నను అలాగే పిలిచేవాళ్లం. నేను టీచరుగా చేరి అక్కడే గది తీసుకునేనాటికి ఆ పని జరిగి ఏడెనిమిదేళ్లయింది. సీసపు గొట్టానికి సెగ చూపించి, గుడ్డతో తుడుస్తూ అతికేవాడు. ఎక్కడ అతికాడో వేలితో తడిమినా తెలిసేది కాదు. మా ఇల్లు నందిపేట్‌లో. వంటింటి గోడ వెంట పోయే ఆ గొట్టాన్ని చూస్తే ఇంటి మీది బెంగ కొంచెం తీరేది.

పందొమ్మిదివందల అరవైల మొదట్లో, ఒక చలికాలం. వేల్పూర్ నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. మొహం పాలిపోయింది. పుస్తకం ముందు కూర్చుంటే కునుకు తీసేది. చదువు తప్పించుకోవడానికి వేషాలనుకున్నాం. అలా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. చివరికి వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు.

"సదువు ఇష్టం లేదని ఇంటికాడనే సెప్పకపోయినవా?" అని గేటు దాకా తిడుతూనే ఉన్నాడు. ఆ పిల్ల పుస్తకాల సంచి పొట్టకు అదుముకుని ఆయన వెనకాలే నడిచింది.

తర్వాత మరో ఇద్దరికి అదే నొప్పి వచ్చింది. వార్డెనమ్మ వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది, నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ ఒక పిల్ల పెదవి పైకెత్తి, చిగుళ్ల అంచున సన్నటి నీలిగీత చూపించింది.

"వీళ్లు తాగే నీళ్లు ఏ గొట్టాల నుంచి వస్తున్నాయి?" అని అడిగింది. గొట్టాల సీసం నీళ్లలో దిగి ఒంట్లో చేరుతోందేమోనని ఆమె అనుమానం.

వార్డెనమ్మ నా వైపు తిరిగి, "మీ బాపును పిలిపియ్యి," అంది.

బాపు వచ్చాడు. తాను వేసిన గొట్టమే అయినా ట్యాంకు దగ్గర నుంచి వంటింటి నల్లా దాకా చాకుతో గీకి చూశాడు. గీకిన ప్రతిచోటా వెండిలా మెరిసింది, అంతా సీసమే.

"సీసం గొట్టాల నీళ్లు ఎంతమంది తాగుతలేరు బిడ్డా? గీ నీళ్లతోనే అయిందని ఎట్ల అంటరు?" అన్నాడు.

"పరీక్ష చేయిద్దాం బాపూ," అన్నాను.

మర్నాడు పొద్దున ఎవరూ నల్లా తిప్పకముందే మొదటి నీళ్లు ఒక బాటిల్‌లో పట్టాను. కాసేపు వదిలేశాక వచ్చిన నీళ్లు ఇంకో బాటిల్‌లో పట్టాను. రెండూ తీసుకుని బోధన్ బస్సెక్కాను. అక్కడ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో మా మేనబావ పనిచేసేవాడు. చెరకు రసం పరీక్షకు వాళ్లు సీసం కలిసిన మందే వాడతారు కాబట్టి సీసం గుణం ఆయనకు బాగా తెలుసు. నీళ్లను బాగా మరగించి, కుళ్లిన గుడ్ల వాసన వేసే గ్యాసు పట్టించాడు. రెండో బాటిల్ నీళ్లకు పెద్దగా రంగు రాలేదు. మొదటివి టీ రంగుకు తిరిగాయి, సీసం ఉందన్నమాట.

"రాత్రంత గొట్టంల నిలిచిన నీళ్లు గివి. పొద్దుగాల లేవంగనే ఎవరు తాగుతరు?" అన్నాడు.

అందరికంటే ముందు లేచి, వంటింట్లో చెంబెడు నీళ్లు తాగి చదువుకు కూర్చునేది ఆ వేల్పూర్ పిల్లే.

సంగతి చెప్పగానే బాపు ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు కట్టేశాడు. మర్నాటి నుంచి వారం రోజులు తన అతుకులను తానే కోశాడు. ఇంకెవరినీ చేయి వేయనివ్వలేదు. అన్నాళ్లూ పిల్లలు బావి నీళ్లే చేదుకున్నారు. ఇనుప గొట్టాలు బిగించడం అయిపోయాక, "ఆ పిల్ల ఊరికి పోదాం పా," అన్నాడు.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. మోకాలి మీద పెట్టుకున్న చేతి నిండా పాత కాలిన మచ్చలు. దాని మీద చేయి వేయాలనిపించింది. వేయలేదు. ఇన్నేళ్లుగా మనసులో ఎన్నిసార్లు ఆ బస్సెక్కి ఆయన పక్కన కూర్చున్నానో లెక్కలేదు.

వేల్పూర్‌లో వాళ్ల వాకిట్లో పసుపు ఉడుకుతోంది. బాపు కూర్చోకుండానే ఆ పిల్ల నాన్నతో చెప్పాడు.

"నీ బిడ్డ కాడ తప్పు లేదు పటేలా. నీళ్లల్ల సీసం దిగింది. ఆ గొట్టాలు ఏసింది నేనే. ఎరుక లేక ఏసిన."

ఆ తండ్రి పసుపు కలియబెట్టే కర్ర కింద పెట్టేశాడు. పిల్ల గడపలోకి వచ్చింది. బాపు వైపు కాదు, నా వైపు చూసింది.

"నొస్తుందని నిజంగనే చెప్పిన గద టీచర్."

"తప్పు నాదేనమ్మా," అన్నాను.

ఆ పిల్ల అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, "గది సెప్పనీకె గింత దూరం వచ్చినవా అన్నా? కూసో, అన్నం తిందువు," అంది.

ఎండాకాలం సెలవులయ్యి బడి తెరిచాక ఆ పిల్ల తిరిగొచ్చింది, చదువు పూర్తిచేసింది. మిగతా ఇద్దరూ మెల్లగా కోలుకున్నారు. బాపు మాత్రం తాను సీసం గొట్టాలు వేసిన ఇళ్లన్నీ గుర్తు తెచ్చుకుంటూ తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. కొందరు మార్పించుకున్నారు. కొందరు, "మా నీళ్లు మంచిగనే ఉన్నయి, పో," అన్నారు. అలా అన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లేవాడు.

డెబ్భైల్లో మంచాన పడ్డాక కూడా ఏదో వీధి గుర్తొచ్చేది.

"గంజ్ కాడి పెంకుటింట్ల నల్లా సూసినమా బిడ్డా?" అని అడిగేవాడు.

"చూసినం బాపూ," అనేదాన్ని. ఆ ఇల్లేదో నాకు తెలియదు. ఆయన పోయాక ఒకరోజంతా గంజ్ బజారు చుట్టూ వెతికాను. పెంకుటిళ్లు చాలానే ఉన్నాయి. అందులో ఏదని అడగడానికి బాపు లేడు.