ఖాళీ తట్టల చోటు

కోటిలింగానికి కుర్చీ అంటే మహా ఇష్టం. తాపీ పట్టినవాడికి కుర్చీ ఎక్కడ దొరుకుతుంది? పరంజా మీంచి పడి కాలు విరిగాక దొరికింది. ఎముక అతుక్కుంది గానీ నిచ్చెన ఎక్కే యోగం పోయింది. ఇంటర్ దాకా చదివిన మనిషి కనుక, బందరులో కాలేజీ హాస్టలు కడుతున్న ఒక కంపెనీ అతన్ని పిలిచి, గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి, చేతికి వాచీ, గడులు గీసిన కాగితం పెట్టిన అట్ట, పెన్నూ ఇచ్చింది. నాగాయలంక అవతలి పల్లెటూరి తాపీపనివాడు రాత్రికి రాత్రే కోటిలింగం గారైపోయాడు. ఇది 2006 నాటి మాట.

అతని పనల్లా, పనిచేసేవాళ్లను చూడటం. వినడానికి నవ్వొస్తుంది గానీ జీతం ఇచ్చేది దానికే. ఇంజనీరు చంద్రశేఖర్ ఓపిగ్గా నేర్పాడు.

"దీన్ని లీన్ పద్ధతి అంటారండీ, వృథా తగ్గించడానికి. కాసేపటికోసారి తలెత్తి చూడండి. ఆ క్షణాన ఎవరేం చేస్తుంటే ఆ గడిలో టిక్కు పెట్టండి. కాంక్రీటు పోస్తుంటే, ఇటుక పేరుస్తుంటే అది 'పని'. సామాను మోయడం, పరంజా కట్టడం లాంటివి 'తప్పనిసరి'. ఊరికే నిలబడితే 'వృథా'. మనం మనుషుల్ని కొలవట్లేదు కోటిలింగం గారూ, పనిని కొలుస్తున్నాం."

చంద్రశేఖర్ చెడ్డవాడేమీ కాదు. కూలీలను ఏనాడూ కసిరిన పాపాన పోలేదు.

మొదటి శ్లాబు రోజు వచ్చింది. శ్లాబు వేయడానికి కుదిరిన ముఠా ఎవరిదో కాదు, కోటిలింగం ఊరివాడే అయిన యలమంద మేస్త్రీది. మిక్సరు దగ్గర్నుంచి పైదాకా మనుషులు వరసకట్టి నిలబడతారు. కాంక్రీటు నిండిన తట్టలు చేతులు మారుతూ ఒక పక్కన పైకి వెళ్తాయి, ఖాళీవి ఇంకో పక్కన కిందికి వస్తాయి. కింద ఒక మనిషి వాటిని అందుకుని, అంటుకున్న కాంక్రీటు దులిపి, మిక్సరు వైపు తోస్తుంది. వరస మొత్తంలో బరువు లేని చోటు అదొక్కటే. ఆ చోటు ఎవరిదన్నది ముఠాలో ఎవరూ బయటికి అనరు. కడుపుతో ఉన్న పిల్లో, జ్వరం నుంచి లేచిన మనిషో, వయసు మళ్లిన ముసల్దో ఉంటే మేస్త్రీ పొద్దున్నే ఒకసారి అందరినీ చూసి "నువ్వు ఖాళీల కాడ నిలబడు" అంటాడు. ఎవరూ వంతులకు పోరు. ఇవాళ నీది, రేపు నాది కావచ్చు కదా.

కోటిలింగం తల్లి అతన్ని కడుపులో పెట్టుకుని నెలలు నిండేదాకా నిలబడింది ఆ చోటులోనే. ఆమె మోయాల్సిన బరువు పక్కనున్న పున్నమ్మ మోసింది. రక్తసంబంధం ఏమీ లేదు, అయినా అతనికి ఊహ తెలిసినప్పట్నుంచీ పున్నమ్మ అత్తే. "ఖాళీ తట్టల కాడ పెరిగినోడివిరా నువ్వు, అందుకే బుర్రలో ఏం లేదు" అని ఆవిడ ఏడిపిస్తే ఇతనికి నవ్వే వచ్చేది.

ఇప్పుడు పున్నమ్మకు వయసు మళ్లింది, కుడి భుజం పట్టేసింది. ఆ చోటు ఈసారి ఆవిడది.

"ఒరే కోటీ! గొడుగేసుకుని కూచున్నావు, ఎండకి నల్లబడితే పిల్లనివ్వరనా?" అని అక్కణ్నుంచే కేకేసింది. వరసంతా గొల్లుమంది. దూరాన ఉన్న చంద్రశేఖర్ కూడా నవ్వాడు. కోటిలింగానికి చెవులు వేడెక్కాయి. ఇంత మందిలో ఒరే ఏమిటి? పైగా సొంతవాళ్లని చూసీచూడనట్టు వదిలేస్తున్నాడని ఇంజనీరు గారు అనుకుంటే ఈ కుర్చీ ఏమైపోవాలి?

తలెత్తి చూశాడు. పై నుంచి తట్ట ఇంకా రాలేదు. పున్నమ్మ నడుము మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. పెన్ను 'తప్పనిసరి' మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత పక్క గడిలోకి జరిగి 'వృథా' కింద టిక్కు పెట్టింది. మళ్లీ చూసినప్పుడూ అంతే. చూసినప్పుడల్లా అంతే.

చంద్రశేఖర్ వచ్చి కాగితం చూశాడు. "ఈ చోటంతా వృథాలోనే పడుతోందే! ఎవరండీ ఆవిడ? మీ ఊరివాళ్లా? ఒంట్లో ఏమైనా బాగుండలేదా?"

అడగాల్సిన మాటే అడిగాడు పాపం. చెప్పడానికి ఇంతకంటే మంచి అదను ఎవరిస్తారు?

"తెలీదండీ," అన్నాడు కోటిలింగం.

పున్నమ్మ మాట వినపడేంత దగ్గరలోనే ఉంది. చేతిలో తట్ట ఉంది. తల తిప్పలేదు. తట్టను నేలకేసి కొట్టి, దులిపి, మిక్సరు వైపు తోసింది.

కాసేపట్లో ఒక పొడవాటి చెక్కను ఏటవాలుగా నిలబెట్టారు. ఖాళీ తట్టలు వాటంతట అవే చక్కగా జారి మిక్సరు దగ్గరికి చేరాయి. ఆ ఉపాయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆవిణ్ని బరువు వరసలోకి పంపమన్నారు. యలమంద కోటిలింగం దగ్గరికి వచ్చి, "నువ్వొక మాట చెప్పవేంట్రా?" అన్నాడు. కోటిలింగం వాచీ చూసుకున్నాడు. యలమంద ఇంజనీరు వైపు కదలబోతే పున్నమ్మే ఆపింది. "ఎందుకులే యలమందా. నే మోత్తాలే."

భోజనాల వేళ కాకముందే ఆవిడ భుజం జారిపోయింది. తట్ట కింద పడింది. ఎవరికీ తగల్లేదు గానీ కాంక్రీటంతా నేలపాలైంది. "పారబోశాను బాబూ, ఏమనుకోకండి" అని ఇంజనీరుతో అంటూ ఇసక మీద కూలబడింది. కోటిలింగం తలెత్తి చూసే వేళ అయింది. చూశాడు. చెయ్యి అలవాటుగా 'వృథా' కింద టిక్కు పెట్టేసింది.

ఆ వారం మీటింగులో అతన్ని లేచి నిలబడమని చప్పట్లు కొట్టారు. వృథా ఎక్కడుందో కళ్లకు కట్టినట్టు చూపించాడట. చప్పట్లు ఆగేలోపు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. అందరూ వెళ్లాక చంద్రశేఖర్ దగ్గర అంతా కక్కేశాడు. ఇంజనీరు ఆ రోజు కాగితం తీసి, టిక్కులన్నీ మళ్లీ చూశాడు.

"అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదండీ. 'తప్పనిసరి' అని ఒక గడి ఉంది కదా."

ఆదివారం అవనిగడ్డ బస్సెక్కి ఊరికి వెళ్లాడు. దారి పొడుగునా ఒకటే కోరిక. అత్త తిట్టాలి. చచ్చినోడా అనాలి, చీపురు తిరగేసినా సరే. కడుపారా తిట్టించుకుంటే గానీ మళ్లీ తలెత్తలేననుకున్నాడు.

పున్నమ్మ కుడి చెయ్యి తువ్వాలుతో మెడకు కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచింది. ఎడమ చేత్తో లోపల్నుంచి కుర్చీ లాక్కొచ్చి, కొంగుతో తుడిచింది.

"రండి బాబుగారూ. కూకోండి."

"అత్తా, నేను... తప్పయిపోయింది. నన్ను తిట్టు."

"భలేవారే! మిమ్మల్ని తిట్టడానికి నేనెవర్నండీ?"

ఆ గొంతులో వెటకారం ఉందేమోనని ఆశగా వెతికాడు. లేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కూర్చో అత్తా అన్నాడు. పర్లేదండీ అంది. అతను ఆ కుర్చీలో గ్లాసు పట్టుకుని కూర్చున్నంతసేపూ, ఆవిడ గుంజకు ఆనుకుని నిలబడే ఉంది.