పరుపు మధ్యలో జాగా

వీధి వీధంతా ఆయన్ని పరుపులాయన అనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ముప్ఫయ్యేళ్లుగా దూది ఏకుతున్నాడు, పరుస్తున్నాడు, దబ్బనంతో కుడుతున్నాడు. కనుబొమల్లో దూది, చెవుల్లో దూది, తుమ్మితే దూది. నోట్లో కూడా అదే కుక్కుకున్నాడని భార్య దెప్పుతుంది. మరి మనిషి రోజుకి పది మాటలు మాట్లాడితే గగనం.

పరుపు విషయానికొస్తే మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. మళ్లీ ఏకడానికొచ్చిన పాత పరుపుని అరచేత్తో ఒక్కసారి తడిమితే చాలు, ఆ ఇంటి సంగతంతా తెలిసిపోతుంది. నడుము నొప్పి ఎవరికో, మంచమ్మీదే కూర్చుని అన్నం తినేదెవరో, ఏ మొగుడూ పెళ్లాలు ఎడమొహం పెడమొహంగా ఉన్నారో, అన్నీ. తెలిసినా పైకి అనడు. ఎవరి గుట్టు వాళ్లదని దూదితో పాటే ఏకేస్తాడు.

అలాంటివాడి దగ్గరికి సొంత కూతురి పరుపే వచ్చింది.

పెళ్లై ఐదు నెలలు. కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. అల్లుడు ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతాడు. నెమ్మదస్తుడు, మాట్లాడబోయే ముందు కళ్లజోడు తుడుచుకునే రకం. "ఎత్తుపల్లాలొచ్చాయి మావయ్యా, కొంచెం చూడండి" అని పరుపు ఆటోలో తెచ్చి దింపి వెళ్లాడు.

పరుపులాయన చెయ్యి వేశాడు. ఈ అంచున ఒక గుంట, ఆ అంచున ఒక గుంట. మధ్యలో మాత్రం తను పరిచిన దూది పరిచినట్టే పొంగి ఉంది. ఐదు నెలల్లో అక్కడ ఒక్క మోచెయ్యి కూడా ఆనలేదు.

ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. "పెళ్లికి ముందు దానికి నువ్వేమైనా చెప్పావా?"

"చెప్పాను. ఓర్చుకోవే, అలవాటైపోతుందన్నాను."

"అంతేనా?"

"ఇంకేం చెప్పను? నాకు మాత్రం ఎవరు చెప్పారు గనక?" కూర కలియబెడుతూ అంది, వెనక్కి తిరగలేదు. "పోనీ మీరడగండి. కన్నతండ్రేగా."

ఎలా అడుగుతాడండీ? కట్టుకున్న భార్యనే ఏనాడూ ఏమీ అడిగిన పాపాన పోలేదు. పెళ్లికి ముందు ఒకే ఒక్కసారి చూశాడు. అది కూడా పక్కనున్న వాళ్ల పిన్నిని చూసి, ఈవిడేనేమోనని హడలిపోయాడు. పెళ్లయ్యాక మాటలంటే ఉప్పుందా, నీళ్లొచ్చాయా, అంతే. ఆవిడకి జ్వరమొస్తే మందు తెచ్చాడు, చెప్పు తెగితే కుట్టించుకొచ్చాడు. ఇష్టమంటే అదేననుకున్నాడు. ఆలుమగల మధ్య జరిగేదేదో మాటల్లేకుండానే జరిగిపోయింది. కూతురు పుట్టింది. దాన్ని పక్కలో వేసుకుని ఆవిడ ముందుగదిలోకి మారిపోయింది. ఎందుకని ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అలా ఇరవయ్యారేళ్లు గడిచిపోయాయి.

కూతురి కాపురం కూడా ఇలాగే అయిపోతుందేమోనని ఆయనకి భయం పట్టుకుంది. రెండుసార్లు ఫోన్ చేశాడు.

"బాగున్నావా తల్లీ?"

"బాగున్నాను నాన్నా."

"అల్లుడు?"

"ఆయనా బాగున్నారు."

తర్వాతేమనాలో తోచక "సరే, ఉంటా" అని పెట్టేశాడు, రెండుసార్లూ.

నోటితో కానిది చేత్తో అవుతుందిలే అనుకున్నాడు పిచ్చిమారాజు. దూదంతా విప్పి ఏకాడు. అంచుల్లో దట్టంగా కూరాడు. మధ్యకి వచ్చేకొద్దీ పిడికెడు పిడికెడు తగ్గించాడు. పైకి చూస్తే సమంగానే ఉంది. పడుకుంటే మాత్రం ఎటువైపు మనిషైనా మధ్యలోకి జారాల్సిందే. ముప్ఫయ్యేళ్ల పనితనమంతా అందులో పెట్టాడు. ఆఖరి కుట్టు వేసి, పిల్ల చల్లగా ఉండాలని కళ్లు తుడుచుకున్నాడు కూడా.

పది రోజులకి, మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చిన వేళకే, కూతురు ఆయన పరుపుల దుకాణంలోకి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"నాన్నా, పరుపు మధ్యలో ఎందుకలా చేశావ్?"

"అదీ... మీరిద్దరూ దూరంగా ఉంటున్నారని..."

"నీకెవరు చెప్పారు?"

"పరుపు చూస్తే తెలీదామ్మా నాకు?"

కూతురు దూది బస్తా మీద కూలబడింది. "నాకు భయమని పెళ్లైన రోజే ఆయనకి చెప్పేశాను నాన్నా. సరే, ముందు మాట్లాడుకుందాం, తొందరేముందన్నారు. రోజూ మాట్లాడుకునేవాళ్లం. చిన్నప్పుడు ఆయన గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నది, నాకు బల్లులంటే ఎందుకంత భయమో, అన్నీ. పోయిన నెల రోడ్డు దాటుతూ నా అంతట నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. దాటాక కూడా వదల్లేదు. ఇష్టం కలుగుతోంది నాన్నా నాకు. నిజంగా."

"మరింకేం తల్లీ?"

"ఇంకేముంది? నీ పరుపొచ్చింది. మొదటి రోజే నిద్రలో జారి ఆయన మీద పడ్డాను. ఏం జరుగుతోందో తెలీక కెవ్వుమని అరిచి తోసేశాను. నేనంటే నీకింత అసహ్యమని తెలీదు అన్నారు. కాదంటే నమ్మడం లేదు. వంటింట్లో చాప వేసుకుంటున్నారు. నాతో ఒక్క మాట లేదు."

"విప్పేసి సమంగా కుట్టేస్తానమ్మా. సాయంత్రానికల్లా..."

"పరుపు కాదు నాన్నా!"

"పోనీ, అల్లుడితో నేను మాట్లాడతా."

"ఏమని మాట్లాడతావ్?"

నిజమే, ఏమని? పిల్ల కాపురాన్ని చేజేతులా చెడగొట్టి, దబ్బనం పట్టుకుని నిలబడ్డాడు.

గుమ్మంలో నిలబడ్డ భార్య అప్పుడు నోరు విప్పింది. "ఆ అబ్బాయి రోజూ నిన్నేమడిగేవాడే?"

"ఏముందమ్మా. ఈ రోజెలా ఉన్నావ్, భయంగా ఉందా, దగ్గరగా కూర్చోనా వద్దా అని."

"అలా అడుగుతారా?"

"అడిగేవారమ్మా."

ఆవిడ క్యారేజీ నేలమీద పెట్టి, అక్కడే చతికిలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని బావురుమంది. "ఊరుకోమ్మా, నా సంగతి సర్దుకుంటుందిలే" అని కూతురు తల్లి వీపు నిమిరింది.

ఆ ఏడుపు కూతురి కోసం కాదని పరుపులాయనకి అర్థమైంది. ఒక అడుగు వేశాడు, ఆగిపోయాడు. భార్య పక్కన కూర్చోవచ్చో లేదో ఆయనకి తెలియలేదు. అడగడం చేతకాలేదు.