ఉమ్ సలాల్ టమాటా మళ్ళలో వేలాడిన హవానా పాటలు

తొంభైలలో నేను దోహాలో రేడియోలు, రికార్డు ప్లేయర్లు బాగుచేసే ఒక కొట్టులో పనిచేసేవాణ్ణి. నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగతా చదువంతా పాడైన సెట్లే చెప్పాయి. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మా పై అంతస్తులో అబూ నబీల్ అనే లెబనాన్ పెద్దాయన ఉండేవాడు. పుట్టింది మాత్రం క్యూబాలో. వాళ్ళ నాన్న హవానాలో బట్టల వ్యాపారం చేసేవాడట, అక్క డాన్సు బృందాల్లో కోరస్ పాడేదట. విప్లవానికి ముందే కుటుంబం బేరూత్ చేరింది, కొన్నాళ్ళకే అక్క పోయింది. ఆమె ఫోటో ఒక్కటి కూడా మిగల్లేదు. ఆమె గొంతు ఉన్నది ఒకే ఒక్క రికార్డులో. అది కూడా, పెట్టెడు రికార్డులతో కలిపి, ఈయన ఎప్పుడో తన యజమానికి బహుమతిగా ఇచ్చేశాడు, ఆయన వాటిని ఉమ్ సలాల్‌లోని తన తోటకి పంపించాడట. ఇప్పుడు దోహా వదిలి శాశ్వతంగా వెళ్ళిపోతున్నాడు, ఆదివారం విమానం. "ఒక్కసారి విని పోతాను, యా ప్రసాద్," అన్నాడు. ఆయన మోకాళ్ళు అంత దూరం తిరగనివ్వవు. అందుకని నేను బయల్దేరాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి టాక్సీ పట్టుకున్నాను. పఠాన్ డ్రైవరు ముప్ఫై రియాళ్ళు అడిగి ఇరవైకి దిగాడు. షమాల్ రోడ్డు మీద ఉత్తరానికి అరగంట ప్రయాణం. "చాచా, ఉమ్ సలాల్‌లో ఏం పని?" అన్నాడు. పాత పాటల కోసమన్నాను. "అంత దూరం పాటలకా? నా బండిలో క్యాసెట్ ఫ్రీ!" అని ఒక వైపంతా వినిపించాడు. అతణ్ణేమీ అనలేం. క్యూబా అంటే ఆ రోజుల్లో నాకూ విప్లవకారుల గడ్డాలూ చుట్టలూ తప్ప ఏమీ తెలియదు. గడ్డాలు రాకముందు ఆ ఊళ్ళో జనం దేనికి ఆడేవారు, ఏం పాడుకునేవారు అని ఎవరూ అడగలేదు. అబూ నబీల్ డాబా మీద కూర్చుని గరిటెలతో దరువు వేసి చూపిస్తే గానీ నాకూ తోచలేదు.

తోట ముందు దిగేసరికి ఎనిమిది కాలేదు. యజమాని ఊళ్ళో లేడు, తోట చూసే మల్లయ్య ఉన్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి. నేను రికార్డుల పెట్టె సంగతి అడుగుతూనే చూపు టమాటా మళ్ళ మీద పడింది. కర్రలకు నల్లటి పళ్ళాలు వేలాడుతూ గాలికి తళతళమంటున్నాయి.

"మల్లయ్యా, ఆ కట్టినవేంటి?"

"గవే సార్ మీ రికార్డులు. స్టోర్ సాఫ్ జేసి పారేయమన్నరు. పిట్టలు బెదురుతయని కట్టిన. నడుమల బొక్క గుడ ఉండె, సుతిలికి మస్తు పనికొచ్చింది."

"పెట్టెడు ఉండాలే! మిగతావి?"

"మ్యాకలు దొక్కినయ్."

పదకొండు మిగిలాయి. అక్క తలపిన్నుతో లేబుల్ మీద నెలవంక గీసిందని అబూ నబీల్ చెప్పాడు. మడి మడీ తిరిగాను. తొమ్మిదోదాని మీద ఆ గీత కనిపించింది. తాడు విప్పబోతే మల్లయ్య అడ్డం నిలబడ్డాడు. "మీరు తీస్కపోతరు, నా టమాటలకు కావలెవరుంటరు? పిట్టలు తింటే అర్బాబు నన్ను తింటడు." తోట యజమానినే అతను అర్బాబు అనేది. న్యాయమైన మాటే. సంచిలో ఉన్న చెడిపోయిన క్యాసెట్లు మూడు తీసి, టేపు లాగి, కర్రల మధ్య బిగించి కట్టాను. గాలికి అది బుర్రుమంటుంటే మల్లయ్య నవ్వాడు. "ఇది మంచిగున్నది, పాట గుడ పాడుతున్నది. యల్లా, అన్ని తీస్కపోండ్రి."

పదిన్నరకి గదిలో ఉన్నాను. రికార్డు నిండా దుమ్ము, పిట్టల రెట్టలు. క్యాసెట్ హెడ్డుల దగ్గర్నుంచి ప్రతిదాన్నీ స్పిరిట్‌తో తుడిచే చెయ్యి నాది. దూది తడిపి అంచు నుంచి మొదలుపెట్టాను. దూది నల్లబడింది. ఎంత మురికి వదులుతోందో అని సంబరపడి ఇంకో చుట్టు తుడిచాను. అప్పుడు చూశాను, తుడిచినంత మేరా నిగనిగ పోయింది. అది లక్క రికార్డు. మా నాన్న రాజమండ్రిలో వడ్రంగి. స్పిరిట్‌లో లక్క కరిగించి కుర్చీలకు పాలిష్ పట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆయన కొడుకునై ఉండి, ఒక మనిషి అక్కగారి గొంతుని వేలెడు వెడల్పున దూదిలోకి ఎక్కించాను.

దాచలేదు. ప్లేయరు పైకి మోసుకెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అబూ నబీల్ రికార్డు అందుకుని లేబుల్ మీది నెలవంకను వేలితో తడిమాడు. "పెట్టు," అన్నాడు. ముల్లు దించాను. నిమిషం పాటు పెనంలో ఆవాలు చిటపటలాడినట్టు రొద. అడుగున ఎవరో మగాయన మునిగిపోతున్నట్టు పాడుతున్నాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. అంతలో ముల్లు తుడవని గాడుల్లోకి దిగింది. దరువు లేచింది, ట్రంపెట్ విచ్చుకుంది, నలుగురు కలిసి ఒకే మాట పట్టుకున్నారు. ఆ నలుగురిలో ఒక సన్నటి ఆడగొంతు. అబూ నబీల్ వేలు గాల్లోకి లేచింది.

"అదే! మా నజ్లా!"

పాటయ్యాక కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ముందు పాడేవాడున్నాడే, వాడు మా అక్కని మైకు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నువ్వు తుడిచింది వాణ్ణా? షుక్రన్, మంచి పని చేశావు, హబీబీ!" ఆ సాయంత్రం లోపు నాలుగుసార్లు విన్నాం. ఆదివారం ఆయన దాన్ని పెట్టెలో పెట్టనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని విమానం ఎక్కాడు.

ఆ పాటల కట్టడమే అంత అని ఆయన నాకు వదిలేసిన మిగతా పది విన్నాక తెలిసింది. మొదటి సగం పేరున్నవాడు కథ చెబుతాడు, రెండో సగాన్ని పేరు లేనివాళ్ళు అందుకుంటారు, జనం అప్పుడు ఆడతారు. పేరున్నవాళ్ళని ఎవరో ఒకరు దాచిపెడతారు. మిగతావాళ్ళ కోసం టమాటా మళ్ళలో వెతకాల్సిందే. వెతికితే దొరుకుతారు, నాకు ఆ నమ్మకం గట్టిగా ఉంది.

మీరూ ఇలాంటి వేటకి వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. తుడవడానికి ఏ మందు వాడినా, మొదట లేబుల్ పక్కన గాడులు లేని ఖాళీ చుట్టు మీద ఒక్క చుక్క వేసి చూడండి. అక్కడ ఎవరూ పాడరు.